పర్రలో అమ్మ నడక

నా చిన్నప్పుడు మా అమ్మ ఏడాదికోసారి, కొద్దికొద్దిగా, ఇంటికి నడిచి వస్తూ ఉండేది. ఆవిడ చనిపోయిన తర్వాతి సంగతి ఇది. బతికున్నప్పుడు ఎలా నడిచేదో నాకు గుర్తు లేదు, నేనప్పటికి మరీ పసిదాన్ని. పోయాక నడిచిన నడకే నాకు తెలుసు. ఇదేదో దెయ్యం కథ అనుకుని పిల్లల్ని పక్కగదిలోకి పంపేయకండి. దెయ్యాలకి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు. మా అమ్మవి తిన్నగా మా ఇంటివైపే ఉండేవి.

మాది కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో, దివిసీమ అంచున ఒక పల్లె. పేరు చెప్పినా ఇప్పుడు మీకు దొరకదు, కాబట్టి చెప్పను. మా ఇంటి వెనక గుమ్మడిపాదు, దాని వెనక తాటాకుల దడి, దడి దాటితే పర్ర. పర్ర అంటే అటు పొలమూ కాదు, ఇటు సముద్రమూ కాదు. పోటుకి ఉప్పునీళ్ళు ఎక్కి, ఆటుకి దిగిపోయే నల్లటి బురదనేల. భూమిని చేసినాయన మా ఊరి దగ్గరికొచ్చేసరికి ఎవరో అన్నానికి పిలిచారనీ, సగం కలిపిన పిండిని అలాగే వదిలేసి లేచిపోయాడనీ మా తాతయ్య అనేవాడు. ఆ పర్రలో అక్కడక్కడా ఉప్పునీళ్ళలో పెరిగే మడచెట్లు, అంతటా పీతల బొరియలు. ఆ చివర ఒక ఇసకదిబ్బ. దిబ్బకి అవతల సముద్రం. అది మాకు కనపడేది కాదు, వినపడేది. రాత్రిళ్ళు పక్కింట్లో ఎవరో గురక పెడుతున్నట్టుండేది.

మా తాతయ్య అంటే అమ్మ వాళ్ళ నాన్న. చవుడు నేలలో ఒక్క కారు వరి పండించి, మిగతా రోజులు పర్రలో పీతలు పట్టేవాడు. అమ్మ పోయాక మా నాన్న ఇంకో ఊళ్ళో ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. నేను అమ్మమ్మ దగ్గరా, తాతయ్య దగ్గరా ఉండిపోయాను. మాలో పోయినవాళ్ళని పూడ్చడమే ఆచారం. అయితే ఊళ్ళో ఎక్కడ తవ్వినా అడుగున నీళ్ళు ఊరేవి. నీళ్ళలో పడుకోబెట్టడం ఇష్టంలేక మావాళ్ళు అమ్మని పర్ర దాటించి ఇసకదిబ్బ మీద పెట్టారు. తలవైపు ఒక మడకర్ర పాతి, అమ్మ పసుపుపచ్చ చీరలోంచి ఒక పీలిక చింపి దానికి కట్టారు. ఏటా పెద్దల అమావాస్యకి అక్కడికి వెళ్ళి, అమ్మకి ఇష్టమైనవి ఆకులో వడ్డించి రావాలి.

మొదటి ఏడు తాతయ్య భుజం మీద వెళ్ళాను. కిందికి దించినప్పుడు కాళ్ళకి ఇసక చల్లగా తగలడం నాకు తెలుసు. మరుసటేడు వెళ్ళినప్పుడు కాళ్ళకి ఇసక తగల్లేదు. బురదే. కర్ర ఉంది, కొత్త పీలిక ఉంది, దిబ్బ లేదు. నాకు చదువు అబ్బలేదు గానీ కళ్ళు మాత్రం మొదట్నించీ చురుకే.

"తాతయ్యా, కర్ర ఇటొచ్చేసిందేంటి?" అన్నాను.

అమ్మమ్మ ఆకు పరుస్తున్నదల్లా ఆగిపోయింది. తాతయ్య సముద్రం కేసి చూశాడు, నాకేసి చూశాడు. ఆయన మాట కోసం తడుముకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఊళ్ళో ఎవరికి ఏ పేరు పెట్టాలన్నా ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు, అలాంటి నోరు. ఆ రోజు మాత్రం కాసేపు తడుముకున్నాడు.

"కర్రొచ్చిందేందే అమ్మడూ. మీ అమ్మ నడుస్తోంది" అన్నాడు.

"ఎక్కడికి?"

"ఎక్కడికేంది? ఇంటికే."

అమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందనుకున్నాను. ఎండురొయ్యలు వేసి వండిన గోంగూర అంటే అమ్మకి ప్రాణమట. అది వడ్డించి, "తినమ్మా, ఉప్పు సరిపోయిందో లేదో" అంది. "చాలకపోతే పక్కనే అంతుంది, కలుపుకుంటదిలే" అని తాతయ్య సముద్రం వైపు గడ్డం చూపించాడు. అమ్మ ఇంటికొస్తోందన్న మాట తప్ప నాకింకేం వినపడలేదు.

అమావాస్య పోటు పెద్దది, తొందరగా వస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు నన్ను భుజం మీంచి దించి నడిపించాడు. బురదలో నడక నేర్పింది ఆ రోజే. మడమ ముందు వేయకూడదు, వేళ్ళు విప్పి పాదం పరవాలి. దిగబడితే లాక్కోకూడదు. లాగితే బురద కూడా లాగుతుంది, దానికి మన కంటే ఓపికెక్కువ. కాలు మెల్లగా ఊపి, బురదకి విసుగు పుట్టేదాకా ఆగాలి. నేను ముందు, ఆయన వెనక. ఎప్పుడూ అంతే. పోటు వీపు మీదికొస్తుంటే పిల్లని వెనకేసుకుని నడవకూడదనేవాడు. పిల్లకీ నీళ్ళకీ మధ్య పెద్దోళ్ళుండాల. నేను రెండుసార్లు పడ్డాను. పడ్డ ప్రతిసారీ, చెయ్యి చాచకముందే ఆయన చెయ్యి నా చంక కింద ఉంది.

దడి దగ్గరికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ అడిగాను, అమ్మ ఇంత నెమ్మదిగా నడుస్తుందేమని. "ఇప్పుడు నువ్వు నడిచావుగా, నీకెట్టా ఉంది? పాపం, దాని వెనక పట్టుకోడానికి ఎవరూ లేరు. జాగ్రత్తగా వస్తది" అన్నాడు. నాకు అది చాలా సబబుగా అనిపించింది.

అప్పట్నించి ప్రతి ఏడూ కర్ర ఇంకాస్త ఇటు వచ్చేది. ఒక ఏడు ఎండిపోయిన మడచెట్టు మోడు దగ్గర. తర్వాతి ఏడు తాతయ్య పీతల బుట్ట పెట్టే మడుగు దగ్గర. ఆ తర్వాత, చిన్నప్పుడు నా కొత్త చెప్పుని బురద మింగేసిన చోట. దిబ్బ పోయాక కెరటాలు నేరుగా పర్రలోకి వచ్చేవి. మడచెట్లు కాసుకునేవే గానీ వాటిని వంటచెరుక్కని ఊరంతా కొట్టేసింది, మా పొయ్యిలోనూ కాలాయి. వరి మడులు తెల్లగా ఉప్పు పూసి, నారు పోస్తే నారు పోసినట్టే మాడిపోయేది. బావి నీళ్ళు ఎక్కిళ్ళు వచ్చినవాడికి కూడా ఇవ్వలేనట్టు తయారయ్యాయి. సాయంత్రాలు అరుగుల మీద మగవాళ్ళ మాటలు తగ్గిపోయాయి. గట్టు మీద తాడిచెట్టొకటి పడిపోతే మా ఎదురింటాయన మనిషి పోయినట్టు ఏడ్చాడు.

ఊరంతా అలా కుంగిపోతుంటే నేనొక్కదాన్నే పండగ చేసుకున్నాను. బళ్ళో అందరికీ చెప్పాను. కొత్తగా వచ్చిన మాస్టారు పిల్లల్ని వరసగా నిలబెట్టి, మీ నాన్న ఏం చేస్తాడు, మీ అమ్మ ఏం చేస్తుంది అని అడుగుతున్నారు. నా వంతు వచ్చింది.

"మీ అమ్మ ఏం చేస్తుందమ్మా?"

"నడుస్తోందండీ."

పిల్లలు గొల్లుమన్నారు. మాస్టారు నవ్వలేదు. వెనక బెంచీలోని మా ఊరి పిల్లెవరో ఏదో చెప్పబోతే చేత్తో వారించి, "మంచిది, కూర్చో" అన్నారు. ఆయన తల ఎందుకు దించుకున్నారో అప్పుడు నాకు తెలీదు. నా గొప్ప చూసి ఓర్వలేక అనుకున్నాను.

ఆ ఏడు పెద్దల అమావాస్యకి తాతయ్య తెల్లారగట్ల బయటికి వెళ్ళి చాలాసేపటికి గానీ రాలేదు. నేను నిద్ర లేచి పెరట్లోకి వెళ్ళి చూద్దును కదా, కర్ర మా దడికి ఇవతల, గుమ్మడిపాదు పక్కన ఉంది. పసుపుపచ్చ పీలిక తడిసి కర్రకి అంటుకుపోయి ఉంది. వచ్చేసింది. నా సంతోషం ఏమని చెప్పను. వాకిలీ పెరడూ ఊడ్చేశాను. తలంటుకున్నాను. పండక్కని దాచిన లంగా కట్టుకున్నాను. లోపల్నించి చాప తెచ్చి కర్ర పక్కన వేసి, కాళ్ళు కడుక్కోడానికి చెంబుతో నీళ్ళు పెట్టాను. బురదలో నడిచొచ్చిన మనిషికి ముందుగా కావలసింది అదే కదా. ఆ చాప ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

అమ్మమ్మ గుమ్మంలోకి వచ్చింది. చాప చూసింది, చెంబు చూసింది, నన్ను చూసింది. అక్కడే గుమ్మం పట్టుకుని కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. పక్కింటి అక్క ఆ ఏడుపు విని దడి సందులోంచి వచ్చింది. ఆ అక్క మంచిదే, నాకు పేలు చూసేది. కానీ ఆ రోజు వాళ్ళ ఇంట్లోనూ సామాన్లు మూటలు కడుతున్నారు, ఆవిడ మనసు మనసులో లేదు.

"ఏందే ఈ ముస్తాబు?" అంది.

"అమ్మొచ్చేసిందక్కా."

"అమ్మ రావటమేందే పిచ్చిమొహమా. వచ్చేది సముద్రం. రాత్రి పోటు మీ దడి దాకా వచ్చింది చూడు. ఇంకా చాపలేసుకు కూర్చో."

నేను దడి వైపు చూశాను. కింద తాటాకులన్నీ తడిసి, నురగ అంటుకుని ఉన్నాయి. ఏళ్ళ తరబడి కళ్ళెదుట ఉన్నదంతా ఒక్కసారే అర్థమైంది. మడచెట్టు మోడు ఇప్పుడు ఎక్కడుంది? నీళ్ళలో. పీతల మడుగు? నీళ్ళలో. కర్ర ఇవతలికి వచ్చిందంటే, అవతలిదంతా పోయిందన్నమాట. నేను పండగ చేసుకున్న ప్రతి అడుగూ మా ఊరిని తినేసిన అడుగే. అమ్మ మళ్ళీ చచ్చిపోయినట్టయింది. మొదటిసారి పోయినప్పుడు ఏడవడానికి నాకు బుద్ధి తెలీదు. ఆ అప్పు కూడా కలిపి ఏడ్చాను. ఏడుస్తూ చెంబు తన్నేశాను.

తాతయ్య పెరటి వైపు నుంచి వచ్చాడు, మోకాళ్ళ దాకా బురదతో. ఎవరూ ఆయనకేం చెప్పలేదు. దొర్లిన చెంబు తీసి నిలబెట్టి, బురద కాళ్ళతోనే నేను వేసిన చాప మీద కూర్చున్నాడు.

"అబద్ధం చెప్పావు" అన్నాను. "వచ్చేది సముద్రమంట."

"అవును, వస్తోంది."

"మరి అమ్మ?"

ఆయన దడి వైపు తిరిగాడు. "పోటొచ్చేటప్పుడు పర్రలో నేనెక్కడ నడుస్తానే?" అని అడిగాడు.

"నా వెనక."

"ఎందుకని?"

"నీళ్ళకీ నాకూ మధ్య నువ్వుండాలని."

"మరి మీ అమ్మెక్కడుంది? చూసి చెప్పు."

చూశాను. ఇటు మా ఇల్లు, అటు తడిసిన దడి, దాని అవతల నీళ్ళు. మధ్యలో పసుపుపచ్చ పీలిక.

"ఇన్నేళ్ళూ అది మన వెనకే నడుస్తోంది, మనల్ని తోలుకుంటా" అన్నాడు తాతయ్య. "ఏటా పెద్దల అమావాస్యకి పోటు ఎక్కడిదాకా వచ్చిందో చూసి, దానికి ఇవతల కర్ర పాతుతున్నా. అది చెప్పబట్టే గదా, కరకట్టకవతల జాగా చూసుకుని ముందుగానే పాక వేసుకున్నాం. లేకపోతే ఏ గాలివానకో నిద్రలో పోయేవాళ్ళం. ఇంక ఆగిందనుకో, నీళ్ళు దాన్ని దాటేస్తయ్యి. మనం ముందు నడిస్తేనే గదే అది వెనక నడిచేది. లే, చాప చుట్టు."

నేను చాప చుట్టాను.

ఆ మధ్యాహ్నమే బయల్దేరాం. బండి మీద మంచం, గిన్నెలు, తాతయ్య కోసి పెట్టిన లేత గుమ్మడికాయలు. అమ్మమ్మ బండి పక్కన నడిచింది. నేను దాని వెనక, అందరికంటే వెనక తాతయ్య. కట్ట ఎక్కాక తిరిగి చూడబోయాను. "ఎనక నేనున్నాగా, నువ్వు ముందు చూసుకో" అన్నాడు. అయినా చూశాను. ఆయన భుజం పక్కనుంచి మా పెరడు కనపడింది. పీలిక ఆరినట్టుంది, గాలికి ఎగురుతోంది. దాని వెనక సముద్రం. మొదటిసారి అది నాకు చప్పుడు కాకుండా మనిషిలా కనపడింది, మా దడి పట్టుకుని నిలబడ్డ మనిషిలా.

బడి సంగతి అడుగుతారేమో. నేను బడి మానేశానని అంటుంటారు. నిజం చెప్పాలంటే బడే ముందు నన్ను మానేసి సముద్రంలోకి పోయింది. కొత్తచోట బడి దూరమైంది, నాకు చదువూ దూరమైంది.

అమ్మమ్మ తన ఆఖరి రోజుల్లో ఒక మాట చెప్పింది. అప్పటికి తాతయ్య లేడు. దిబ్బ కోతపడ్డ ఏడు అమావాస్య ముందురోజు ఆయన కర్ర చుట్టూ శుభ్రం చేయడానికి వెళ్ళాడట. కర్ర లేదు, దిబ్బే లేదు. ఆటు దిగినంతసేపూ చేతులతో బురద తవ్వి వెతికాడట. గోళ్ళన్నీ విరిగి రక్తాలోడుతుంటే ఇంటికొచ్చి, గోడవైపు తిరిగి పడుకున్నాడట. మర్నాడు పొద్దున్నే కొత్త కర్ర తీసుకుని పర్రలోకి వెళ్ళాడట. అంటే నేను "కర్ర ఇటొచ్చేసిందేంటి" అని అడిగిన ఆ క్షణాన, ఆయన కూతురు రెండోసారి పోయి ఒక్క రాత్రే అయింది. ఆ చేతులు నా చంకల కింద ఉన్నాయి. నేను చూడలేదు. చురుకైన కళ్ళని చెప్పుకున్నానే, ఆ కళ్ళే చూడలేదు.

నాకు హనుమాన్ జంక్షన్‌లో టైర్లకి పంక్చర్లు వేసే ఆయనతో పెళ్ళయింది. పిల్లలు పుట్టాక బెజవాడ భవానీపురం వచ్చి స్థిరపడ్డాం. చీరలకి ఫాల్స్ కుట్టి ఇంతదాకా వచ్చాను. మొన్న మా అబ్బాయి, మనవరాలు కలిసి కారులో నన్ను మా ఊరు చూపించడానికి తీసుకెళ్ళారు. చూపించడానికి వాళ్ళకి ఊరు కావాలి కదా. కట్ట దాకా వెళ్ళాం. ఊరొదిలి వచ్చి మేమున్న పాక చోట రొయ్యల చెరువు, అందులో నీళ్ళు చిలికే చక్రాలు తిరుగుతున్నాయి. కాపలా ఉన్నాయన గొడుగేసుకుని వచ్చాడు.

"ఎవరి కోసమండీ?"

"మా ఇంటి కోసమండీ."

"ఎక్కడండీ?"

నేను సముద్రం వైపు చూపించాను. ఆయన కంగారుపడ్డాడు. "చేపలకి అద్దెకిచ్చామండీ, చాలాకాలమైంది, బాడుగ రావట్లేదు, అడిగి పోదామని వచ్చాం" అన్నాను. ఆయన నవ్వాడు, మావాడు నవ్వాడు. మనవరాలు మాత్రం నా చెయ్యి పట్టుకుంది. దానికి నా పోలికే, కళ్ళు చురుకు.

ఆ కాపలా ఆయనే చెప్పాడు. "ఒడ్డు ఇంకా కోసుకుపోతానే ఉందండీ. ఏరు పైనుంచి ఒండ్రు తెస్తే ఒడ్డు నిలబడుద్ది. ఇప్పుడా ఒండ్రు దిగట్లేదండీ. ఆనకట్టల దగ్గర, బెజవాడ దగ్గర, పైనెక్కడెక్కడో ఆగిపోతంది."

దారి పొడుగునా నేనేం మాట్లాడలేదు. నేను నోరు మూసుకుంటే మావాడికి భయం. ఒంట్లో బాలేదా అని రెండుసార్లు కారాపాడు. నేను ఆలోచిస్తోంది వేరే. మా భవానీపురం ఉన్నది బెజవాడ బ్యారేజీకి ఎగువనే కదా. మా ఇంటి నుంచి కాస్త నడిస్తే రేవు, రేవు పక్కన ఒండ్రు మేట. రోజూ చూస్తూనే ఉన్నాను. మా అమ్మ మీద కప్పడానికి బయల్దేరిన మట్టి అక్కడే ఆగిపోయి, ఇన్నేళ్ళుగా నా గుమ్మం ముందే ఉంది. మట్టి అక్కడికి వెళ్ళలేకపోతే, అక్కడున్న మనిషే ఇక్కడికి రావాలి. ఎలా రావాలో మా అమ్మకి తెలుసు.

ఈ ఏడు పెద్దల అమావాస్యకి రేవు పక్కన మేట మీద రెండు కర్రలు పాతాను. ఒకదానికి పసుపుపచ్చ గుడ్డపీలిక కట్టాను. అది అమ్మ చీరది కాదు, ఆ చీర ఎప్పుడో అయిపోయింది. ఎవరి ఫాల్స్ కుట్టగానో మిగిలిన ముక్క. రెండో కర్ర తాతయ్యది, అమ్మకి కాస్త వెనగ్గా, నీళ్ళ వైపుకి. దాని వెనక పట్టుకోడానికి ఎవరూ లేరని ఆయన ఆనాడు అన్నాడు కదా, ఇప్పుడు ఆయనే ఉన్నాడు. గోంగూర వడ్డించాను. ఉప్పు సరిగ్గా వేశాను, ఇక్కడ కలుపుకోడానికి పక్కన సముద్రం లేదు.

ఇంతకాలం గడిచినా, ఊళ్ళోంచి బయల్దేరిన ఆ రోజు నాకు ఒక్క అలవాటు వదిలిపెట్టి పోయింది. బెంజ్ సర్కిల్ దగ్గర రోడ్డు దాటుతున్నా, గుడి మెట్లెక్కుతున్నా, మొన్న అమావాస్యకి రేవు నుంచి ఇంటికి వస్తున్నా, పిల్లలందరినీ ముందు నడవనిచ్చి నేను వెనక నడుస్తాను. నా వెనక ఎవరెవరు నడుస్తున్నారో నాకు తెలుసు. మనవరాలు ఆగి, వెనక్కి తిరిగి అడుగుతుంది, "నానమ్మా, ఎప్పుడూ వెనకబడిపోతావేంటి, మోకాళ్ళా?"

"మోకాళ్ళే తల్లీ, నువ్వు నడువు" అంటాను.